చాతం తాళ్ళ కర్మాగారం

చాతం తాళ్ళ కర్మాగారం ఇంగ్లాండులోని కెంట్ కౌంటీలో మెడ్‌వే నది ఒడ్డున ఉన్న చారిత్రక కర్మాగారం. బ్రిటిషు నౌకాదళపు తెరచాప ఓడలకు కావలసిన తాళ్ళు, మోకులు ఇక్కడ తయారయ్యేవి. చాతంలో 1618 నుండి తాళ్ళు పేనుతున్నారు. నౌకాదళానికి ఉండిన నాలుగు తాళ్ళ కర్మాగారాలలో (చాతం, పోర్ట్స్‌మత్, ప్లిమత్, వూలిచ్) నేటికీ పని చేయుచున్నది ఇదొక్కటే.

అవసరం

తెరచాపలను ఎత్తుటకు, దించుటకు, తెరకొయ్యలను నిలుపుటకు, లంగరు వేయుటకు తాళ్ళే ఆధారం. 1765లో చాతంలో జలప్రవేశం చేసిన విక్టరీ అనే యుద్ధనౌకకు సుమారు 42 కిలోమీటర్ల తాడు అవసరమయ్యేది. తుఫానులో లంగరు మోకు తెగినచో ఓడ తీరానికి కొట్టుకొనిపోయి బద్దలయ్యే ప్రమాదం ఉండేది. కనుక తాడు నాణ్యత నావికుల ప్రాణాలకు సంబంధించిన విషయం.

భవనం

ప్రస్తుత ఇటుక భవనాన్ని 1786 - 1791 మధ్య నిర్మించారు. దీని పొడవు 346 మీటర్లు. ఇంత పొడవుకు కారణం తాడు పేనే పద్ధతియే. అతుకు లేని తాడు కావాలంటే పోగులను పూర్తి నిడివిలో చాచి పురి పెట్టాలి. పురి ఎక్కే కొద్దీ నిడివి దాదాపు మూడో వంతు తగ్గుతుంది. అనగా 100 బారల తాడుకు సుమారు 150 బారల (274 మీటర్ల) పోగులు కావాలి. పై అంతస్తులలో పోగులు వడికేవారు, క్రింది అంతస్తులో తాళ్ళు పేనేవారు.

తయారీ విధానం

* ముందుగా గంజాయి మొక్క నారను ఇనుప ముళ్ళున్న పలకలపై దువ్వి చిక్కు తీసేవారు.
* పనివాడు నారను నడుముకు చుట్టుకొని, వెనుకకు నడుస్తూ పోగు వడికేవాడు.
* నీటికి కుళ్ళకుండా పోగులను వేడి తారులో ముంచేవారు.
* పోగులను కలిపి పేటగా, మూడు పేటలను కలిపి తాడుగా, మూడు తాళ్ళను కలిపి లంగరు మోకుగా పేనేవారు.

ప్రతి దశలోను పురి ముందు దశకు వ్యతిరేక దిశలో ఉంటుంది. పేటలు విప్పుకొనుటకు చేసే ప్రయత్నమే తాడును మరింత బిగిస్తుంది. అందువలన తాడు విడిపోదు.

నార, తారు రెండూ సులభంగా మండుతాయి. 1776 డిసెంబరులో జేమ్స్ ఐట్కెన్ అనే వ్యక్తి అమెరికా తిరుగుబాటుకు మద్దతుగా పోర్ట్స్‌మత్ తాళ్ళశాలకు నిప్పు పెట్టాడు. 1777లో అతనిని ఉరి తీశారు.

భారతదేశంతో సంబంధం

నార కోసం బ్రిటన్ ప్రధానంగా రష్యాపై ఆధారపడేది. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఆ సరఫరాకు ఆటంకాలు కలిగాయి. అందుచేత ఈస్టిండియా కంపెనీ భారతదేశంలోని జనుము నారపై శ్రద్ధ చూపింది. అంతకు మునుపు సామర్లకోటలో పని చేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్, కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా ఉన్న కాలంలో (1793 - 1813) వివిధ మొక్కల నారల బలాన్ని పరీక్షించాడు.

ప్రస్తుత స్థితి

1984లో చాతం నౌకాకేంద్రం మూతబడినది. కానీ తాళ్ళ తయారీ ఆగలేదు. ప్రదర్శనశాలగా మారిన ఈ ప్రాంగణంలో సందర్శకులు 1811 నాటి యంత్రాన్ని, తాడు పేనే విధానాన్ని చూడవచ్చును.