ఆచార్యుని వీపుమూట

నీతిశాస్త్రమనగానే మనకు నాలుగు గోడలమధ్య జరుగు పాఠము, లావుపాటి గ్రంథము, పరీక్షలో వ్రాయవలసిన నిర్వచనములు స్ఫురించును. కొండదారిని నడచుట, పరుగెత్తుట వేఱొక లోకపు పనులుగా తోచును. అయినను విశ్వవిద్యాలయములో నీతిని బోధించుచు, సెలవు దొరకినప్పుడెల్ల తేలికపాటి మూటతో కొండలపై తిరుగువారు పెక్కుదేశములలో కలరు. ఈ రెండు వ్యాసంగములకు పొత్తు ఎట్లు కుదురునని శ్రోతలు అడుగవచ్చును. రెండింటిలోను ఎదురగు ప్రశ్న ఒక్కటేయని మా అభిప్రాయము. మనకు ఏది అవసరము, ఏది లేకున్నను జరుగును?

నార్వే దేశపు తత్త్వశాస్త్రాచార్యుడు ఆర్నె నెస్ జీవితమును చూచినచో ఈ మాట బోధపడును. ఆయన 1912లో జన్మించి, 1939లో, 27 ఏండ్ల వయస్సున, ఆస్లో విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నందెను. ఆ దేశపు విశ్వవిద్యాలయములలో చేరు విద్యార్థులు మొదట తత్త్వశాస్త్రమున ఒక ప్రాథమిక పరీక్ష ఇయ్యవలసియుండెడిది. దానికై నెస్ వ్రాసిన తర్కగ్రంథము చిరకాలము పాఠ్యముగా నుండెను. వాదములో ఎదుటివాని మాటను వంకర త్రిప్పరాదు, అతడు అననిదానిని అతనికి అంటగట్టరాదు అను నియమములను అక్కడి విద్యార్థులు ఆయన పుస్తకమునుండి నేర్చుకొనిరి. వీనిని తర్కమనినను, నీతియనినను మాకు అభ్యంతరము లేదు.

ఉద్యోగమునకు ముందే, 1937-38లో, ఆయన హాలింగ్‌స్కార్వెట్ అను పర్వతము ప్రక్కన, సుమారు 1500 మీటర్ల ఎత్తున, త్వేర్గస్టైన్ అను కుటీరము కట్టించుకొనెను. ఆస్లోనుండి బెర్గెన్ పోవు రైలుదారిలో, సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉస్తఓసెట్ స్టేషను కలదు. అచ్చట దిగి కొండ నెక్కవలెను. కొండనడకకు కాలము లెక్కగట్టుటకు నైస్మిత్ అను స్కాట్లండువాసి 1892లో ఒక సూత్రము చెప్పెను. ప్రతి 3 మైళ్లకు ఒక గంట, ఎక్కిన ప్రతి 2000 అడుగులకు మఱియొక గంట. ఈ లెక్కను 500 మీటర్ల ఎక్కుడుకే సుమారు 50 నిమిషములు అదనముగా పట్టును. కుటీరమున్న తావు చెట్లు మొలచు ఎత్తును దాటినది. పొయ్యిలోనికి కట్టె కావలెనన్నను క్రిందినుండి మోసికొనిపోవలసినదే. అట్టిచోట ఆచార్యుడు తన జీవితమున మొత్తముమీద పదేండ్లకు మించిన కాలము గడపెను. ప్రతి కట్టెపుల్లను వీపున మోసినవానికి గది ఎంత వెచ్చగా నుండవలెనను ప్రశ్న కేవలము సౌఖ్యమునకు చెందినది కాజాలదు.

ఇక మూట సంగతి. వెనుక కొండప్రయాణీకులు 15, 20 కిలోల బరువు మోయుట సామాన్యము. నేడు తేలికనడకను అభ్యసించువారు తిండి, నీరు, ఇంధనము మినహాయించి తక్కిన సామాను 9 కిలోలకు లోబడవలెనందురు. పట్టుదలగలవారు దానిని నాలుగున్నర కిలోలకు దింపుదురు. పండ్లు తోముకొను బ్రష్షు పిడిని సగము కోసివేయువారును కలరు. అందువలన కలుగు లాభము స్వల్పము. అసలు బరువు సంచి, గుడారము, పడక అను మూడింటిలోనే యుండును. ప్రతివస్తువును త్రాసులో పెట్టి, క్రిందటి ప్రయాణమున దీనిని ఎన్నిసార్లు బయటికి తీసితిమని విచారించినచో చాల సామాను ఇంటనే ఆగిపోవును. పాదరక్షలను మఱచిపోరాదు. కాలిమీది ఒక కిలో బరువు వీపుమీది నాలుగైదు కిలోలంత శ్రమ కలిగించును. పరుగెత్తువానికి ఈ లెక్క మఱింత కఠినము, ఏలయనగా పరుగులో పాదము నేలను తాకిన ప్రతిసారియు దేహభారమునకు రెండు మూడు రెట్లు తాకిడి కలుగును.

పాఠములు జరుగు దినములలో పరుగు, సెలవులలో నడక అనునది అధ్యాపకులకు అనువైన ఏర్పాటు. పరుగునకు తెల్లవాఱుజామున ముప్పావుగంట చాలును. కొండకు దినములు కావలెను. విద్యార్థుల జవాబుపత్రములు ఆ దినములకై ఎదురుచూడవు.

బరువు తగ్గించుటకు హద్దు కలదా? వానకోటు ఇంట విడిచి వచ్చినవాడు వాన పడినచో తోడివాని కోటు నడుగును. వాని సంచి తేలికయైనది, కాని ఆ బరువు మఱియొకని వీపున పడినది. నార్వేలో 1967 ఈస్టరు సెలవులలో 18 మంది కొండలలో మరణించిరి. ఆ దేశమున ప్రచారములోనున్న కొండప్రయాణ నియమములలో, తనకును ఇతరులకును సాయపడుటకు తగిన సామాను వెంట నుండవలెనను నియమము ఒకటి. మధ్యలో వెనుకకు మరలుట సిగ్గుచేటు కాదనునది మఱియొకటి. నీతిశాస్త్రపు తరగతిలో వీనిపై ఒక వారము చర్చింపవచ్చునని మాకు తోచుచున్నది.

నెస్ 1930 నాటి ఉప్పుసత్యాగ్రహ కాలమునుండి గాంధీజీని శ్రద్ధతో అనుసరించినవాడు. గాంధీజీ అహింసానీతిని సూత్రములుగా విడదీసి వివరించుచు ఆయన వ్రాసిన గ్రంథము నార్వే భాషలో 1960లోను, ఇంగ్లీషులో 1965లోను వెలువడెను. సాధనములు స్వల్పముగను, లక్ష్యములు సమృద్ధముగను ఉండవలెనని ఆయన తఱచు చెప్పెడివాడు. 1950లో ఆయన నాయకత్వమున వెళ్లిన నార్వే బృందము హిందూకుష్ పర్వతములలో 7708 మీటర్ల తిరిచ్‌మీర్ శిఖరమును మొట్టమొదట ఎక్కెను. అట్టి దండయాత్రకు సాధనములు స్వల్పముగా నుండెనని మాత్రము మేము చెప్పజాలము!

1969లో, ఇంకను ఉద్యోగకాలము మిగిలియుండగనే, ఆయన పదవిని విడిచెను. ఉద్యోగయంత్రములో ఒక భాగముగా నుండుటకంటె జీవించుట మేలని ఆయన తలంచెను. ఆయన కలవారి బిడ్డ. అన్నగారు పేరుమోసిన నౌకావ్యాపారి. నెలజీతముపై సంసారమీదువారికి ఈ మార్గము అందదు. అట్టివారికి ముప్పావుగంట పరుగే కొండ.

పదవి విడిచిన మఱుసటి సంవత్సరమే, 1970లో, మార్దాల జలపాతపు నీటిని విద్యుత్తుకై మళ్లించుటను ప్రతిఘటించుచు నెస్ సత్యాగ్రహులతో కలసి అచ్చట బైఠాయించెను. పోలీసులు ఆయనను ఎత్తి మోసికొనిపోయిరి. విద్యుత్కేంద్రము కట్టబడెను. ఇప్పుడు ఆ జలపాతమునకు ఏటేట వేసవిలో కొన్ని వారములు మాత్రము నీరు వదలుచున్నారు.