ఇచ్ఛాపూర్ మట్టి కింద రాళ్లు ఏ దిశలో విరిగాయి?

సూరత్ నుంచి హజీరా వెళ్లే దారిలో ఇచ్ఛాపూర్ ఉంది. వజ్రాలు, నగల తయారీ కోసం ఏర్పాటు చేసిన పారిశ్రామిక పార్కు ఇక్కడే ఉంది. ఇంకాస్త ముందుకు వెళితే హజీరా తీరంలో గ్యాస్, ఉక్కు కర్మాగారాలు, ఓడరేవు కనిపిస్తాయి. ఒక్క రాతిగుట్ట మాత్రం ఎక్కడా కనిపించదు. తపతి నది, సముద్రపు ఆటుపోట్లు కలిసి పరచిన ఒండ్రు నేల ఇది.

ఆ ఒండ్రుకు అడుగున, చాలా లోతులో, విరిగిన రాళ్లున్నాయి. రాతిపొర విరిగి, విరిగిన ముక్కలు ఒకదాని మీద ఒకటి జారిన చోటును భ్రంశం లేదా ఫాల్ట్ అంటారు. 2001 జనవరి 26న వచ్చిన భుజ్ భూకంపానికి 350 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న సూరత్‌లోనూ కొన్ని బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలెన్నో స్థిరపడిన నగరం అది. అలాంటి చోట అడుగున ఉన్న రాళ్లు ఏ దిశలో విరిగాయి, ఇప్పుడు వాటి మీద ఒత్తిడి ఎటు నుంచి పడుతోంది అన్నవి పుస్తకాలకే పరిమితమైన ప్రశ్నలు కావు. వీటికి జవాబు వెతకడంలో భూగర్భ శాస్త్రవేత్తలు వాడే సాధనం చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. కాగితం మీద ఒక వృత్తం, అందులో కొన్ని చాపాలు, కొన్ని చుక్కలు. దాని పేరు స్టీరియోగ్రాఫిక్ చిత్రం.

పెంకుటింటి కప్పు చెప్పే రెండు కోణాలు

భ్రంశం ఒక తలం. దాని దిశను చెప్పడానికి రెండు కొలతలు చాలు. వాలుగా ఉన్న పెంకుటింటి కప్పును ఊహించుకోండి. పైన ఇంటి కొప్పు అడ్డంగా ఒక దిశలో సాగుతుంది. తలం అలా అడ్డంగా సాగే దిశే స్ట్రైక్. కప్పు మీద పడిన వాననీరు కొప్పుకు లంబంగా కిందికి జారుతుంది. ఆ వాలు క్షితిజ సమాంతరంతో చేసే కోణం డిప్. నీరు ఏ వైపుకు జారుతుందో కూడా చెబితే తలం దిశ పూర్తిగా తెలిసినట్టే.

కొండ ప్రాంతంలో తిరిగితే ఇలాంటి కొలతలు వందల సంఖ్యలో పోగవుతాయి. పట్టికలో అంకెలుగా చూస్తే వాటిలో క్రమం ఉందో లేదో కంటికి తెలియదు. వాటన్నిటినీ ఒకే చోట చూపించడమే ఈ చిత్రం పని.

గిన్నెలో తలం, కాగితం మీద చాపం

సరిగ్గా సగం గోళంలా ఉండే ఒక గిన్నెను నేల మీద పెట్టామనుకుందాం. భ్రంశ తలం ఆ గిన్నె మూతి మధ్యబిందువు గుండా పోతూ కిందికి వాలుతుంది. అది గిన్నె గోడను ఒక వంపు గీతగా కోస్తుంది. ఆ గీతను గిన్నె మూతి ఉన్న వృత్తంలోకి దించితే ఒక చాపం వస్తుంది. నిట్టనిలువు తలం వృత్తం మధ్య నుంచి పోయే సరళరేఖ అవుతుంది. వాలు తగ్గే కొద్దీ చాపం వృత్తం అంచు వైపు జరుగుతుంది.

వంద తలాలకు వంద చాపాలు గీస్తే చిత్రం సాలెగూడులా చిక్కుపడుతుంది. అందుకే తలానికి లంబంగా ఒక గీత ఊహించి, అది గిన్నె గోడను తాకే చోట చుక్క పెడతారు. దీన్ని ఆ తలం పోల్ అంటారు. ఉదాహరణకు ఉత్తరం నుంచి తూర్పుకు 70 డిగ్రీల దిశలో సాగుతూ, ఉత్తర-వాయవ్యానికి 60 డిగ్రీలు వాలిన తలం ఉందనుకుందాం. దాని పోల్ ఎదురు వైపున, దక్షిణ-ఆగ్నేయంలో, 30 డిగ్రీల లోతులో పడుతుంది. ఒక తలం మొత్తం ఇలా ఒక్క చుక్కలో ఇమిడిపోతుంది.

వజ్రాల నుంచి వచ్చిన వల

ఈ పద్ధతి భూగర్భ శాస్త్రంలో పుట్టలేదు. స్ఫటికాల ముఖాల మధ్య కోణాలను కాగితం మీద చూపడానికి 1823లో ఫ్రాంజ్ న్యూమన్ దీన్ని వాడారు. చాపాలను సులువుగా గీసుకునే గళ్ల వలను 1902లో రష్యన్ స్ఫటిక శాస్త్రవేత్త వుల్ఫ్ ప్రచురించారు. వజ్రం సహజంగా చీలే తలాలను కూడా ఇదే చిత్రంలో చూపవచ్చు. ఇచ్ఛాపూర్‌లో సానపట్టే రాయికీ, ఆ ఊరి అడుగున ఉన్న రాళ్లకూ ఒకే వల సరిపోతుందన్నమాట.

అయితే వుల్ఫ్ వలతో ఒక ఇబ్బంది ఉంది. అది కోణాలను సరిగ్గా చూపుతుంది కానీ వైశాల్యాలను మారుస్తుంది. గిన్నె గోడ మీద ఒకే పరిమాణంలో ఉన్న ముక్క వృత్తం మధ్యలో కంటే అంచు దగ్గర 4 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. చుక్కలు ఎక్కడ గుమిగూడాయో లెక్కపెట్టాలంటే ఇది తప్పుదారి పట్టిస్తుంది. అందుకే వైశాల్యాలను మార్చని ష్మిట్ వలను 1925 నుంచి భూగర్భ శాస్త్రంలో వాడుతున్నారు. దీనికి ఆధారం 1772లో లాంబెర్ట్ పటాల కోసం రూపొందించిన పద్ధతి. ఖచ్చితంగా చెప్పాలంటే ఇది స్టీరియోగ్రాఫిక్ కాదు, అయినా వాడుకలో రెండింటికీ అదే పేరు నిలిచింది.

చుక్కల నుంచి బలాల దిశకు

చుక్కలు రెండు గుంపులుగా చేరితే అసలు కథ మొదలవుతుంది. ఒకే బలం కింద రాయి విరిగినప్పుడు తరచు రెండు భ్రంశాలు జంటగా, సుమారు 60 డిగ్రీల కోణంలో ఏర్పడతాయి. గరిష్ఠ ఒత్తిడి ఆ కోణం మధ్య నుంచి పనిచేస్తుందని 1905లో స్కాట్లాండ్‌కు చెందిన ఆండర్సన్ వివరించారు.

పై ఉదాహరణలోని తలానికి జంటగా, అదే స్ట్రైక్‌తో, ఎదురు వైపుకు 60 డిగ్రీలు వాలిన మరో తలం ఉందనుకుందాం. వాటి మధ్య 60 డిగ్రీల కోణాన్ని సగం చేసే గీత నిలువుగా వస్తుంది. అంటే గరిష్ఠ ఒత్తిడి పైనున్న రాళ్ల బరువుదే. నేల ఉత్తర-వాయవ్యం, దక్షిణ-ఆగ్నేయాలకు సాగదీయబడి, పైముక్క కిందికి జారింది. రెండు తలాలూ 30 డిగ్రీలే వాలి ఉంటే జవాబు తలకిందులవుతుంది. అప్పుడు సగం చేసే గీత అడ్డంగా వస్తుంది. నేల నొక్కుకుపోయి పైముక్క పైకి ఎగబాకింది. రెండు సందర్భాల్లోనూ స్ట్రైక్ ఒక్కటే. పటం మీద భ్రంశాన్ని గీతగా మాత్రమే చూస్తే ఈ తేడా తెలియదు.

పుట్టుక ఒకటి, నేటి కదలిక ఒకటి

సూరత్ పరిసరాల్లో ఈ తేడా చాలా ముఖ్యం. ఇది కాంబే, నర్మద అనే రెండు పురాతన చీలిక లోయలు కలిసే ప్రాంతం. కాంబే లోయ సుమారుగా ఉత్తర-వాయవ్యం నుంచి దక్షిణ-ఆగ్నేయానికి, నర్మద లోయ తూర్పు-ఈశాన్యం నుంచి పడమర-నైరుతికి సాగుతాయి. రాజ్‌పిప్లా ప్రాంతంలో దక్కన్ లావా రాళ్లను చీల్చుకుని నిలబడ్డ డైకులు అనే రాతి గోడలు కూడా ఎక్కువగా తూర్పు-ఈశాన్య దిశలోనే ఉన్నాయి. లావా పైకి రావాలంటే నేల ఆ గోడలకు అడ్డంగా తెరుచుకోవాలి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ నేల సాగిందని అవి చెబుతున్నాయి.

కానీ 1970 మార్చి 23న ఇక్కడికి సుమారు 60 కిలోమీటర్ల ఉత్తరాన భరూచ్‌లో వచ్చిన 5.4 తీవ్రత గల భూకంపం వేరే కథ చెప్పింది. భూకంప కేంద్రాలలోని పరికరాలకు మొదటి తరంగం నెట్టినట్టు తగిలిందా, లాగినట్టు తగిలిందా అన్నది గుర్తించి, ఆ చుక్కలను కూడా ఇదే వల మీద పెడతారు. రెండు రకాల చుక్కలను వేరుచేస్తూ రెండు లంబ తలాలు గీస్తే రంగుల బంతిలాంటి బొమ్మ వస్తుంది. నెట్టుడు భాగానికి నలుపు పూస్తే, సాగుడు భూకంపంలో బంతి మధ్య భాగం తెల్లగా, నొక్కుడు భూకంపంలో నల్లగా ఉంటుంది. భరూచ్ భూకంపం నొక్కుడు రకానిది.

ఒకప్పుడు సాగిన నేలే ఇప్పుడు నొక్కుకుపోతోంది. భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల వేగంతో ఉత్తరానికి కదిలి ఆసియాను ఢీకొట్టడమే దీనికి మూలం. ఆ ఒత్తిడికి కొత్త భ్రంశం పుట్టనక్కర్లేదు. పాత పగులు బలహీనంగా ఉంటుంది కాబట్టి అదే వెనక్కి జారుతుంది. అందువల్ల నిటారు వాలును మాత్రమే చూసి, ఇది సాగుడు భ్రంశం, ఇప్పుడు ప్రమాదం లేదు అనుకుంటే పొరపాటే. తలం వాలు ఆ భ్రంశం ఎలా పుట్టిందో చెబుతుంది. తలం మీద రాపిడికి పడిన గీతలు, భూకంపం గీసిన బంతి అది తర్వాత ఎటు కదిలిందో చెబుతాయి. ఇవన్నీ ఒకే వల మీద పెట్టినప్పుడే రెండు కథలూ విడివిడిగా కనిపిస్తాయి.

తెలుగు నేలకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. సింగరేణి బొగ్గును దాచిన గోదావరి లోయ కూడా పురాతన చీలికే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర, 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో భూకంపాలు వచ్చింది ఆ ప్రాంతంలోనే.

చిత్రం చెప్పనిది

ఈ చిత్రానికి రెండు హద్దులున్నాయి. బంతిలోని రెండు తలాల్లో ఏది అసలు భ్రంశమో అది చెప్పలేదు. భుజ్ భూకంపంలో దక్షిణానికి వాలిన తలమే కదిలిందని తేల్చడానికి తర్వాతి ప్రకంపనలు ఎక్కడ పరుచుకున్నాయో చూడాల్సి వచ్చింది. ఆ భ్రంశం నేల పైదాకా చీలి బయటపడలేదు.

రెండోది ఇంకా ముఖ్యమైనది. ఈ వల దిశను మాత్రమే ఉంచుకుని చోటును వదిలేస్తుంది. వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు సమాంతర భ్రంశాలు ఇందులో ఒకే చుక్క అవుతాయి. రాజ్‌పిప్లా రాళ్లను, భరూచ్ భూకంపాన్ని ఒకే కాగితం మీదకు తేగలిగేది ఈ గుణమే. ఇచ్ఛాపూర్ కింద భ్రంశం ఉందా లేదా అన్నదానికి జవాబు ఇవ్వలేకపోయేదీ ఈ గుణం వల్లే. ఆ జవాబు కోసం ఒండ్రును దాటి కిందికి చూసే బోరుబావులు, కృత్రిమ తరంగాలతో చేసే సర్వేలు కావాలి. భ్రంశం అక్కడ దొరికితే, దానిపై ఒత్తిడి ఎటు నుంచి పడుతోందో చెప్పే పని మళ్లీ ఈ చుక్కల వృత్తానిదే.