అనాస పూతను నడిపే అంకెలు

సీతంపేట, పాడేరు ఏజెన్సీ సంతలకు అనాస వస్తే ఒక్కసారే వస్తుంది. కొండ మీది తోటలన్నీ తొలకరి రోజుల్లో కలిసికట్టుగా పండుతాయి. ధర పడిపోతుంది. కావిళ్లతో దించిన గిరిజన రైతుకు మోత కూలి గిట్టడమే కష్టం. రోడ్డు బాగోలేదని, దళారి ముంచాడని, శీతల గిడ్డంగి లేదని అంటాం. అవన్నీ నిజమే. అయితే ఆ పండ్లన్నీ ఒకేసారి రావాలన్నది ఆరు నెలల ముందే, డిసెంబరు రాత్రుల్లో ఖాయమైపోయింది.

అనాసకు పూత పుట్టించేవి రెండు: పగటి పొద్దు తగ్గడం, రాత్రి చలి. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దిగువకు జారి, 15 వైపు వెళ్తున్నకొద్దీ మొవ్వులో ఎథిలీన్ వాయువు పెరుగుతుంది. అంతవరకు ఆకులు వేస్తున్న మొవ్వు అక్కడితో ఆకులు మాని పూగుత్తి వేస్తుంది. సీతంపేట దగ్గర డిసెంబరు చివర పగలు సుమారు 11 గంటలే. కేరళ అనాసకు కేంద్రమైన వాళకుళంలో అదే రోజు పగలు 11 గంటల 30 నిమిషాలు దాటుతుంది, రాత్రులూ అంత చల్లగా ఉండవు. మన ఏజెన్సీ చలి కాబట్టే తోటంతా ఒకేసారి పూతకు లొంగుతుంది.

ఒక్క పూగుత్తిలో 100 నుంచి 200 దాకా చిన్న పూలుంటాయి. అవన్నీ అతుక్కుపోయి ఒకే పండవుతాయి, పండు మీది ఒక్కో కన్ను ఒక్కో పువ్వు. పూత పుట్టేనాటికి మొక్క ఎంత బలంగా ఉంటే అన్ని పూలు, అన్ని కళ్లు. తరవాత ఎంత ఎరువు వేసినా కళ్ల సంఖ్య పెరగదు. అందుకే చలికి చిక్కిన బక్క మొక్క చిన్న పండే ఇస్తుంది. మరీ లేత మొక్కయితే చలిని పట్టించుకోనే పట్టించుకోదు. రైతు చేతిలో ఉన్న మొదటి పట్టు ఇదే: ఏ నెలలో నాటాలి, ఎంత బరువున్న పిలక నాటాలి. 500 నుంచి 750 గ్రాముల పిలకలను ఏరి, ఒక మడిలో ఒకే సైజువి నాటితే ఆ మడి కలిసి పెరుగుతుంది. చిన్నా పెద్దా కలిపి నాటితే పూతా అలాగే చెదురుతుంది. పండు తల మీది కిరీటాన్ని నాటితే కాపు ఇంకా ఆలస్యం.

రెండో పట్టు పూత మందు. దీని కథ పొగతో మొదలైంది. 1870ల్లో అజోర్స్ దీవుల్లోని గాజు ఇళ్లలో పొగ తగిలిన అనాస మొక్కలు ముందే పూశాయి. పొగలో ఆ పని చేసింది ఎథిలీనేనని 1932లో ప్యూర్టోరికోలో రోడ్రిగెజ్ అనే పరిశోధకుడు తేల్చాడు. ఇప్పుడు పొగకు బదులు, మొక్కలోకి వెళ్లి ఎథిలీన్‌ను వదిలే ఎథెఫాన్ వాడుతున్నారు.

మారిషస్ రకానికి కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే మోతాదు: 25 పీపీఎం ఎథెఫాన్, 2 శాతం యూరియా, 0.04 శాతం కాల్షియం కార్బొనేట్ కలిపిన నీళ్లు మొక్కకు 50 మిల్లీలీటర్లు, మొవ్వులో పోయాలి. అంటే ఒక మొక్కకు అందే ఎథెఫాన్ 1.25 మిల్లీగ్రాములే. ఎకరాకు 17,600 మొక్కలున్న తోటకు 39 శాతం ఎథెఫాన్ ఉండే ఎథ్రెల్ మందు 56 మిల్లీలీటర్లు చాలు, ఒక చిన్న టీ గ్లాసులో పడుతుంది. యూరియా 17.6 కిలోలు. అసలు భారం నీళ్లది: 880 లీటర్లు. కొండ వాలు మీదికి ఆ నీళ్లు మోసేదెవరు? సలహా ఇచ్చేవాళ్లు ఈ అంకెను తరచూ వదిలేస్తారు. ఏజెన్సీలో మందు సీసా పంచడం కన్నా వాలు మీద నీటి తొట్టి కట్టించడమే పెద్ద సాయమని నా అభిప్రాయం.

ఎండ ఎక్కాక పోస్తే మందు సరిగా పట్టదు. వేడి 28 డిగ్రీలు దాటితే ఫలితం తగ్గుతుంది. పైగా అనాస ఆకు రంధ్రాలు ముఖ్యంగా రాత్రిపూట తెరుచుకుంటాయి. కాబట్టి చల్లటి వేళ, వాన లేని రోజు చూసుకోవాలి. సుమారు 40 రోజుల్లో పూగుత్తి కనిపిస్తుంది. కేరళ వేడిలో నాలుగున్నర నెలలకు పండు కోతకొస్తుంది, మన కొండల చలిలో ఇంకొన్ని వారాలు పట్టొచ్చు. తోటను నాలుగు మడులుగా విడగొట్టి నెలకో మడికి మందు పోస్తే కోత కూడా నాలుగు నెలలకు పరుచుకుంటుంది. అయితే డిసెంబరుకు బాగా ఎదిగిన మడిని చలి ముందే పట్టేస్తుంది, దాన్ని అంతకన్నా ముందే పూయించుకోవాలి.

మందు పోసిన పండు తినొచ్చా అని పట్నం కొనుగోలుదారు అడుగుతాడు. ఇది ఒక్క పువ్వైనా పుట్టకముందు ఇచ్చే మోతాదు, కోతకు నాలుగు నెలల ముందటిది. కోశాక కార్బైడ్‌తో మాగబెట్టడం వేరు, అది మన దేశంలో నిషిద్ధం. రెంటినీ ఒకే గాటన కట్టి అనాస రైతును అనుమానించడం న్యాయం కాదు.

రైతు సోదరులకు ఒక్క మాట. మందు కలిపే ముందు మడిలో అక్కడక్కడ పది మొక్కల ఆకులు లెక్కపెట్టండి. మారిషస్‌కు 39 నుంచి 42 ఆకులుండాలి. అంతకు తక్కువుంటే ఆ మడికి మందు పోయకండి, ఇంకో నెల ఆగండి.