తెలుగు గ్రంథాల అంతర్జాల ప్రదానంలో సొంత హెడర్లు: 'కన్యాశుల్కం' ఉదాహరణగా

విజయనగర సంస్థానంలో పనిచేసిన గురజాడ అప్పారావు రచన 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. విస్తృతంగా మార్చిన రెండవ కూర్పు 1909లో వెలువడింది. పేరు ఒక్కటే అయినా పరిశోధకునికి ఇవి వేర్వేరు పాఠాలు. ఒక కూర్పులోని సంభాషణను మరొకదానికి ఆపాదిస్తే, దానిపై నిలిపిన వాదమే కూలుతుంది. అంతర్జాల గ్రంథాలయం ఈ నాటకాన్ని పంపేటప్పుడు, పాఠాన్ని తాకకుండానే అది ఏ కూర్పో తెలపగల చోటు ఒకటుంది. అది హెచ్‌టీటీపీ ప్రతిస్పందనలోని హెడర్.

బ్రౌజర్ అడిగినదానికి సర్వర్ ఇచ్చే జవాబులో ముందు స్థితిసంకేతం, తరువాత హెడర్లు, ఆపైన అసలు విషయం వస్తాయి. ఉత్తరానికి కవరు ఎటువంటిదో విషయానికి హెడర్లు అటువంటివి. 'కంటెంట్-టైప్' వంటి ప్రామాణిక హెడర్లతోపాటు సర్వర్ ప్రోగ్రాము సొంత పేర్లతోనూ హెడర్లను పంపవచ్చు. పీహెచ్‌పీలో 'హెడర్' ఫంక్షన్‌కు పేరు, కోలన్, విలువ కలిపి అందిస్తే చాలు. సొంత పేర్లకు ముందు 'ఎక్స్-' తగిలించే పాత అలవాటును 2012 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6648 వద్దన్నది. గ్రంథాలయం పేరునే ముందుంచడం అంతకన్నా అర్థవంతం.

ఇక్కడ వరుస తప్పరాదు. విషయంలో ఒక్క బైటు బయలుదేరినా ఆ తరువాత హెడర్ చేర్చడం కుదరదు. తెలుగు ఫైళ్లతో పనిచేసేవారికి ఈ చిక్కు తరచు ఊహించని వైపు నుంచి వస్తుంది. యూటీఎఫ్-8లో భద్రపరిచేటప్పుడు కొన్ని ఎడిటర్లు ఫైలు మొదట బీఓఎం అనే మూడు బైట్ల గుర్తును చేరుస్తాయి. కంటికి కనబడని ఆ గుర్తే, బఫరింగ్ లేనప్పుడు, విషయంగా ముందు వెళ్లిపోతుంది. హెడర్లు ఇప్పటికే పంపబడ్డాయన్న హెచ్చరిక వచ్చినా, ప్రోగ్రాములో ఎంత వెదకినా దోషం కనిపించదు.

రెండవ చిక్కు లిపిది. హెడర్ విలువలను ఆస్కీ అక్షరాలకే పరిమితం చేయడం క్షేమం. దించుకొనే ఫైలుకు తెలుగు పేరు కావాలంటే 'కంటెంట్-డిస్పోజిషన్' హెడర్‌లో ఫైలు పేరును ఆర్‌ఎఫ్‌సీ 8187 పద్ధతిలో సంకేతీకరించాలి. 'కన్యాశుల్కం' అనే మాటలో యూనికోడ్ సంకేతాలు 11, యూటీఎఫ్-8 బైట్లు 33. ప్రతి బైటూ శాతం గుర్తుతో కలిసి మూడు అక్షరాలవుతుంది గనుక హెడర్‌లో అది 99 అక్షరాలు ఆక్రమిస్తుంది. కూర్పును తెలపడానికి 1909 అన్న నాలుగంకెలు చాలడం ఒక సౌలభ్యం.

ఈ ఏర్పాటు అసలు లాభం 'హెడ్' అభ్యర్థనలో ఉంది. దానికి సర్వర్ విషయాన్ని విడిచి హెడర్లనే పంపుతుంది. వందల ప్రతులలో 1897 నాటివి ఏవో, ఒక్క ఫైలునూ దించుకోకుండా ప్రోగ్రాము వేరుచేయగలదు. అయితే వేరొక సైటు నుంచి నడిచే జావాస్క్రిప్టుకు సొంత హెడర్ కనబడాలంటే, సర్వర్ ఆ సైటును అనుమతించి, 'యాక్సెస్-కంట్రోల్-ఎక్స్‌పోజ్-హెడర్స్'లో దాని పేరును ప్రకటించాలి. పైగా పాఠకుడు ఫైలును తన కంప్యూటరులో దాచుకున్నాక హెడర్ దానితో మిగలదు. అందుచేత కూర్పు సంవత్సరం ఫైలు లోపలి ముఖపత్రంలోనూ ఉండవలసిందే.