వెల్ష్ భాషను నిలిపిన బైబిలు బడులు

పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో బ్రిటన్ పశ్చిమాన ఉన్న వేల్స్ పల్లెల్లో అత్యధికులకు వెల్ష్ తప్ప మరో భాష రాదు. అయినా ధర్మసంస్థలు పేదపిల్లల కోసం తెరిచిన బడుల్లో చాలాచోట్ల బోధన ఇంగ్లీషులోనే సాగేది. విలియం మోర్గన్ అనే మతగురువు 1588లోనే బైబిలు మొత్తాన్ని వెల్ష్‌లో అందించినప్పటికీ, చర్చిలో ఎవరైనా చదివితే వినడమే గాని, పుస్తకం చేతపట్టి సొంతంగా చదువుకొనే శక్తి సామాన్యులకు లేదు.

ఈ లోటును తీర్చడానికి పూనుకొన్నవాడు నైరుతి వేల్స్‌లోని లాన్‌దౌరోర్ గ్రామ మతగురువు గ్రిఫిత్ జోన్స్. ప్రభుభోజన సంస్కారంలో వచ్చిన కానుకలతో రొట్టెలు కొని పేదలకు పంచే ఏర్పాటు ఆయన సంఘంలో ఉండేది. రొట్టెల కోసం వచ్చినవారిని వరుసగా నిలబెట్టి, ప్రశ్నోత్తరి నుంచి, అంటే విశ్వాసంలోని ముఖ్యాంశాలను ప్రశ్నలు జవాబులుగా కూర్చిన చిన్న పుస్తకం నుంచి, ఆయన కొన్ని ప్రశ్నలు అడిగేవాడు. పెద్దవాళ్లు సైతం జవాబు చెప్పలేకపోవడం చూశాక, ప్రసంగాలు ఎన్ని చేసినా చదువు రానిదే ప్రయోజనం లేదని ఆయనకు బోధపడింది.

1731 ప్రాంతంలో ఆయన ప్రారంభించిన బడులకు సంచార పాఠశాలలని పేరు. పొలం పనులు తక్కువగా ఉండే చలికాలంలో ఉపాధ్యాయుడు ఒక ఊరికి వచ్చి, సుమారు మూడు నెలలపాటు చర్చిలోనో, ఎవరి ఇంట్లోనో బడి నడిపి, తర్వాత మరో ఊరికి తరలిపోయేవాడు. పగలు పనికి వెళ్లేవారి కోసం రాత్రిపూట కూడా పాఠాలుండేవి. పాఠ్యపుస్తకాలు రెండే, బైబిలూ ప్రశ్నోత్తరీ. 1761లో ఆయన మరణించేనాటికి మూడు వేలకు పైగా బడులు నడిచాయని, లక్షన్నరకు పైగా జనం వాటిలో చదువుకొన్నారని లెక్కలు చెబుతున్నాయి. అప్పటి వేల్స్ జనాభా సుమారు ఐదు లక్షలని గుర్తుంచుకొంటే ఇది ఎంత గొప్ప కార్యమో తెలుస్తుంది.

మూడే నెలల్లో చదవడం ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఆ బోధనలోనే ఉంది. భాషా నైపుణ్యాలు నాలుగని విద్యావేత్తలు చెబుతారు: వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం. ఆ బడికి వచ్చిన పిల్లకు భాష ఇంట్లోనే అబ్బి ఉంటుంది, వాక్యాలు చర్చిలో విని ఉంటుంది. మిగిలినదల్లా చెవికి తెలిసిన మాటను కంటితో గుర్తుపట్టడమే. పైగా వెల్ష్‌లో తెలుగులో లాగే పలికేదానికీ రాసేదానికీ తేడా తక్కువ కాబట్టి, అక్షరాల ధ్వనులు పట్టుబడితే చదువు చాలావరకు పట్టుబడినట్లే. అయితే సంచార పాఠశాలల శ్రద్ధంతా చదవడం మీదనే నిలిచింది గాని రాయడం మీద నిలవలేదు. తన ఆలోచనను తానే కాగితం మీద పెట్టగల శక్తి ఆ పిల్లలకు అందకపోవడం నిస్సందేహంగా లోపమే.

ఇంగ్లండులోని గ్లౌస్టర్‌లో రాబర్ట్ రైక్స్ 1780లో ప్రారంభించిన సండే స్కూలు పద్ధతి, కొద్ది సంవత్సరాలకే బాలా పట్టణానికి చెందిన థామస్ చార్లెస్ ద్వారా వేల్స్‌లో స్థిరపడింది. అక్కడ పిల్లలతోపాటు పెద్దలూ తరగతిలో కూర్చునేవారు. ఒక్కొక్కరు ఒక్కో వచనం పైకి చదివిన తర్వాత దాని భావంపై ప్రశ్నలు, చర్చ జరిగేవి. చదవడం, అర్థం చేసుకోవడం, నలుగురిలో మాట్లాడడం అనే మూడు పనులు ఒకే తరగతిలో సాగడం ఈ పద్ధతిలోని బలం. పందొమ్మిదో శతాబ్దంలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో కొన్ని బడులు చెక్కముక్క వేలాడదీసి శిక్షించిన కాలంలో, ఆ భాషను గౌరవంగా చదివించిన చోటు సండే స్కూలే.

1800లో మేరీ జోన్స్ అనే పదిహేనేళ్ల అమ్మాయి వెల్ష్ బైబిలు కోసం కొండదారిలో సుమారు 40 కిలోమీటర్లు నడిచి బాలాలోని చార్లెస్ వద్దకు వెళ్లింది. వెల్ష్ బైబిళ్ల కొరత గురించి చార్లెస్ లండన్‌లో చేసిన విజ్ఞప్తి నుంచే 1804లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ పుట్టింది. భారతీయ భాషల అనువాదాలకు తోడ్పడిన ఆ సంస్థ తెలుగు బైబిలు చరిత్రలోనూ భాగం పంచుకొంది.

నేడు తెలుగు సంఘాల్లో ఇంగ్లీషు మీడియం పిల్లలు చాలామంది తెలుగు ప్రసంగం విని అర్థం చేసుకోగలరు గాని తెలుగు బైబిలు చదవలేరు. విదేశాల్లోని కొన్ని సంఘాల్లో కీర్తనలను సైతం ఇంగ్లీషు అక్షరాల్లో తెరపై చూపవలసి వస్తోంది. కంఠత వాక్యం అప్పజెప్పించి బహుమతి ఇవ్వడంతో సండే స్కూలు టీచర్ల పని పూర్తి కాదు. ప్రతి ఆదివారం పది నిమిషాలైనా పిల్లల చేత తెలుగులో పైకి చదివించాలి, చదివిన కథను సొంత మాటల్లో చెప్పించాలి, వేల్స్ బడులు వదిలిపెట్టిన రాత పనిని కూడా కలిపి నాలుగు వాక్యాలు రాయించాలి.