తల్లి రెక్కల వెచ్చదనం

యెరూషలేము గురించి దుఃఖిస్తూ ప్రభువు పెరట్లో తిరిగే తల్లికోడితో తనను పోల్చుకున్న సంగతి మత్తయి 23, లూకా 13 అధ్యాయాల్లో చదువుతుంటాం. కోడి పిల్లలను రెక్కల కిందికి పిలుచుకోవడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ పిల్లలకది ప్రాణావసరం. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఒంటినిండా నూగే తప్ప ఈకలుండవు. మొదటి రెండు మూడు వారాలు తన వేడిని తాను నిలుపుకోలేదు. చలిరాత్రి తల్లికి దూరమైతే తెల్లారేసరికి బిగుసుకుపోతుంది.

నాటుకోడి 21 రోజులు పొదుగుతుంది. మేతకు, నీళ్లకు రోజుకోసారి కాసేపు లేవడం తప్ప గూడు వదలదు. గుడ్లను ముక్కుతో తిప్పుకుంటూ అన్నివైపులా వేడి తగిలేలా చూసుకుంటుంది. పిల్ల బయటికి రావడానికి ముందే పెంకులోంచి కిచకిచలు వినిపిస్తాయి. తల్లి బయటినుంచి బదులు పలుకుతుంది. ఎన్నిసార్లు విన్నా ఆశ్చర్యమే! పెంకుకు చిల్లుపడ్డాక పిల్ల బయటపడేందుకు గంటలు, ఒక్కోసారి రోజంతా పడుతుంది. జాలిపడి మనం పెంకు వలిస్తే నెత్తురు కారి చచ్చిపోవచ్చు. పుట్టగానే మేత పెట్టాలన్న తొందర కూడా అక్కర్లేదు. కడుపులోకి ఇముడ్చుకున్న పచ్చసొన ఒకటి రెండు రోజులు ఆకలి తీరుస్తుంది.

మరి తల్లి లేని పిల్లల మాటేమిటి? హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. నాటుకోడి కన్నా చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి గానీ వీటికి పొదిగే గుణం దాదాపు లేదు. చిన్నపిల్లలను తెచ్చుకుంటే మనమే తల్లి కావాలి. గంప కిందో, అట్టపెట్టెలోనో రెండంగుళాల మందాన వరి ఊక పోసి, పైన బల్బు వేలాడదీయాలి. మొదటి వారం సుమారు 35 డిగ్రీల వేడి ఉండాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకోవచ్చు. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదానిమీదొకటి ఎక్కి అరుస్తుంటే చలి. దూరంగా జరిగి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైంది. అంతటా సర్దుకుని తిరుగుతుంటే సరిపోయింది. కరెంటు పోయిందని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే పొగకే చచ్చిపోతాయి. గోనెసంచులు కప్పి, గాలికి కాస్త సందు వదలడం మేలు.

ముందు నీళ్లు, తర్వాత మేత. నీళ్ల మూకుట్లో గులకరాళ్లు వేస్తే పిల్లలు మునగవు. సన్నటి నూకలు తింటాయి గానీ వాటితోనే ఎదగవు. మొదటి నెల కోడిపిల్లల దాణా కలపాలి.

పిల్లి, గద్దల కన్నా పెద్ద శత్రువు కొక్కెర తెగులు. సోకితే ఊళ్లో కోళ్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, గుడ్లమ్మి పిల్లల పుస్తకాలు కొనే ఇల్లాలి ఆశతో సహా. వచ్చాక మందు లేదు. ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లాసోటా టీకాను కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క వేయాలి. ఎనిమిది వారాలకు ఆర్‌టూబీ టీకా వేయించాలి. సీసాలో యాభై, వంద పిల్లలకు సరిపడా మందుంటుంది. పది పిల్లలున్న ఇంటికి అది దండగనిపిస్తుంది కనుక వీధిలో నాలుగిళ్లవారు కలిసి ఒకేరోజు వేయించుకోవాలి. సీసాను మంచుముక్కల్లో పెట్టి తేవాలి, కలిపిన మందు గంట రెండు గంటల్లో వాడేయాలి.