పలుచని ల్యాప్‌టాప్‌ల ప్రాసెసర్లు: విశాఖ వాతావరణంలో తెలుగు పరిశోధకుల ఎంపిక

వ్యాససంగ్రహం: పాత గ్రంథాల అక్షరగుర్తింపు, పాఠపరిష్కరణ, పదసూచికల తయారీ వంటి పనులను నేటి తెలుగు పరిశోధకులు ఎక్కువగా పలుచని ల్యాప్‌టాప్‌ల మీదనే చేస్తున్నారు. వీటి ప్రాసెసర్లను పేరును బట్టి, గిగాహెర్ట్జ్ అంకెను బట్టి పోల్చడం వల్ల పొరపాట్లు జరుగుతున్నాయి. యంత్రం గంటల తరబడి ఎన్ని వాట్లను భరించగలదన్నది అసలు కొలమానం. ఆ కొలమానం విశాఖపట్నం వంటి వేడి ప్రాంతంలో ఎలా మారుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రాసెసర్, వాట్, ఉష్ణం, అక్షరగుర్తింపు, ఏఆర్‌ఎం, విశాఖపట్నం.

ఉపోద్ఘాతం

నా సిద్ధాంతవ్యాసం చివరి దశలో ఒక పాత పత్రిక సంపుటాన్ని, దాదాపు మూడువందల పుటలను, యూనికోడ్ పాఠంగా మార్చవలసి వచ్చింది. అది మే నెల. గదిలో ఫ్యాను తప్ప మరో చల్లదనం లేదు. మొదటి కొన్ని పుటలు చకచకా సాగాయి. తరువాత ఒక్కొక్క పుటకు పట్టే సమయం పెరుగుతూ పోయింది. యంత్రం అడుగుభాగం ఒడిలో పెట్టుకోలేనంతగా కాలింది. సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందనుకొని రెండు రోజులు వృథా చేశాను. అదే పని రాత్రి రెండు గంటలకు మొదలుపెడితే వేగంగా పూర్తయింది! నేను యంత్రాన్ని ఎంచుకున్న పద్ధతే తప్పని అప్పుడు అర్థమైంది. పరిశోధక విద్యార్థి ఫెలోషిప్ డబ్బుతో ల్యాప్‌టాప్‌ను సాధారణంగా ఒక్కసారే కొంటాడు. సిద్ధాంతవ్యాసం పూర్తయ్యేవరకు దానితోనే గడపాలి.

1. పేర్లు: రూఢమా, యౌగికమా?

వ్యాకరణం చదువుకున్నవారికి ప్రాసెసర్ల పేర్లు చూడగానే యౌగికపదాలనిపిస్తాయి. ప్రతి అంకెకూ ఒక అర్థం, చివరి అక్షరానికి ప్రత్యయం వంటి విలువ ఉంటాయని ఆశిస్తాం. కొంతవరకు అది నిజమే. ఇంటెల్ పేర్లలో చాలాకాలం ‘యు’ అంటే సుమారు 15 వాట్ల పలుచని యంత్రాల చిప్, ‘హెచ్’ అంటే 45 వాట్ల శ్రేణి చిప్. కాని ‘ఐ5’ వంటి పేరు పూర్తిగా రూఢం. 2017లో వచ్చిన ఎనిమిదవ తరంలో ఐ5-8250యుకు నాలుగు కోర్లు ఉండగా, దానికి ముందు తరం ఐ5-7200యుకు ఉన్నవి రెండే. పేరు అదే, పనితనం వేరు.

ఏఎండీ రైజెన్ 7000 శ్రేణిలో అసలు రహస్యం మూడవ అంకెలో ఉంది. 7520యు, 7530యు, 7540యు పక్కపక్కనే కనిపిస్తే స్వల్పభేదమనుకుంటాం. మొదటిది 2019 నాటి జెన్ 2 నిర్మాణం, నాలుగు కోర్లు. రెండవది జెన్ 3, మూడవది జెన్ 4. వీటికి ఆరేసి కోర్లు. అంటే మధ్యలో మారిన ఒక్క అంకె రెండు తరాల దూరాన్ని దాచిపెడుతోంది. ధర తక్కువని 7520యు యంత్రం కొన్నవారు ‘ఏడువేల శ్రేణి కదా, కొత్తదే’ అనడం నేను చాలాసార్లు విన్నాను.

2. వాట్లు, వేడి

ప్రాసెసర్ వాడుకునే విద్యుత్తు దాని పౌనఃపున్యానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. పౌనఃపున్యం పెంచాలంటే సాధారణంగా వోల్టేజినీ పెంచాలి. వేగాన్ని 20 శాతం పెంచడానికి వోల్టేజిని 10 శాతం పెంచవలసివస్తే, విద్యుత్తు వినియోగం దాదాపు 45 శాతం పెరుగుతుంది. ఆ విద్యుత్తంతా చివరకు వేడిగానే బయటికి రావాలి. పలుచని యంత్రంలో దానికి దారి ఇరుకు.

అందువల్లనే తయారీదారులు రెండు సంఖ్యలు ఇస్తారు. 2024 సెప్టెంబరులో ఇంటెల్ విడుదల చేసిన కోర్ అల్ట్రా 200వి శ్రేణిలో ఎక్కువ చిప్‌లకు మూలశక్తి 17 వాట్లు, గరిష్ఠశక్తి 37 వాట్లు. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే గిగాహెర్ట్జ్ ఆ రెండవ స్థితికి చెందినది, అదీ కొద్దిసేపటికే. ఒక పుట తెరవడానికి, ఒక పదం వెతకడానికి ఆ కొద్దిసేపు చాలు. అక్షరగుర్తింపుకు చాలదు. టెసరాక్ట్ వంటి సాధనం తెలుగు పుటలోని ప్రతి పంక్తిని, గుణింతాలు, వత్తులతో సహా నాడీజాల పద్ధతిలో పరిశీలిస్తుంది. ఆ భారమంతా ప్రధాన ప్రాసెసర్ మీదనే పడుతుంది. ‘కృత్రిమమేధ ల్యాప్‌టాప్’ పేరుతో అమ్ముతున్న యంత్రాల్లోని ప్రత్యేక ఎన్‌పీయూ భాగాన్ని టెసరాక్ట్ వాడుకోదు. ఈ పని కోసం ఎన్‌పీయూకు అదనంగా డబ్బు పెట్టనవసరం లేదని నా అభిప్రాయం.

3. గది ఉష్ణోగ్రత

సమీక్షలలోని పరీక్షలు ఎక్కువగా చల్లని గదులలో జరుగుతాయి. పరీక్ష గది 23 డిగ్రీలు, మన గది 34 డిగ్రీలు అనుకుందాం. చిప్ 100 డిగ్రీల వరకు తట్టుకుంటుందనుకుంటే, వేడిని బయటికి నెట్టే ఉష్ణోగ్రతాభేదం అక్కడ 77, ఇక్కడ 66. స్థూలంగా లెక్కిస్తే అక్కడ 20 వాట్లను నిలకడగా భరించిన యంత్రం ఇక్కడ 17 వాట్ల దగ్గర ఆగిపోతుంది. ఇది పెద్ద నష్టం కాదు.

అసలు చిక్కు చిప్ దగ్గర కాక చర్మం దగ్గర వస్తుంది. చేతికి తగిలే లోహపు పైభాగం మితిమీరి కాలకుండా యంత్రమే వేగాన్ని తగ్గించుకుంటుంది. ఆ హద్దు 45 డిగ్రీలనుకుంటే భేదం చల్లని గదిలో 22, మన గదిలో 11. అంటే పైభాగం ద్వారా పోయే వేడి సగానికి పడిపోతుంది. వేడిని ముఖ్యంగా ఈ మార్గంలోనే వదిలే ఫ్యాను లేని యంత్రాలకు ఇది గట్టి దెబ్బ. నా మే నెల అనుభవానికి కారణం ఇదే. మన ఉక్కపోత మాత్రం మనిషిని బాధించినట్టు చిప్‌ను బాధించదు, ఎందుకంటే చిప్‌కు చెమట పట్టదు. దానికి కావలసింది చల్లని గాలి మాత్రమే. ఉక్కునగరంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేర్లు, దేవత పేరు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులకు సైతం గోడల్లో చల్లబరిచే నీరు తిరుగుతూ ఉండాలి. మన బల్ల మీది యంత్రానికి ఫ్యాను చాలు.

ఫ్యాను ఉన్న యంత్రానికి మరో సమస్య ఉంది. రేవులో బొగ్గు, ఇనుపఖనిజం దిగుమతి, ఎగుమతుల వల్ల పాతపట్నం వైపు ఇళ్లలో కిటికీ గట్ల మీద నల్లని ధూళి చేరడం విశాఖవాసులకు తెలిసినదే. అదే ధూళి ఫ్యాను వెనుక ఉన్న సన్నని రేకుల మధ్య పేరుకుంటుంది. ఏడాదికొకసారైనా విప్పించి శుభ్రం చేయించకపోతే ఫ్యాను ఉండి కూడా లేనట్టే.

4. ఏ శ్రేణి ఎవరికి?

2020 నవంబరులో వచ్చిన ఆపిల్ ఎం1 చిప్ పలుచని యంత్రాల చరిత్రను మలుపు తిప్పింది. నాలుగు వేగపు కోర్లు, నాలుగు పొదుపు కోర్లతో, ఫ్యాను లేని మాక్‌బుక్ ఎయిర్‌లో అది చూపిన పనితనానికి మిగిలిన సంస్థలు జవాబు వెతుక్కోవలసివచ్చింది. 2024 జూన్‌లో క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ఎలైట్ అదే ఏఆర్‌ఎం మార్గాన్ని 12 కోర్లతో విండోస్‌కు తెచ్చింది. ఈ రెండింటి పొదుపు ప్రశంసనీయమే. అయితే తెలుగు శాఖల్లో, ప్రెస్సుల్లో నేటికీ పేజ్‌మేకర్ దస్త్రాలు, యూనికోడ్‌కు ముందు కాలపు అను ఫాంట్లు వాడుకలో ఉన్నాయి. ఏఆర్‌ఎం విండోస్ పాత ప్రోగ్రాములను అనుకరణ పద్ధతిలో నడపగలదు కాని పాత డ్రైవర్లను నడపలేదు. పాత ప్రింటరో, స్కానరో, తాళంచెవిలాగ గుచ్చే పరికరమో అవసరమైన చోట పని ఆగిపోవచ్చు. కొనేముందు మన దస్త్రంతోనే, మన ప్రింటర్‌తోనే ప్రయత్నించి చూడాలి.

పాత పద్ధతిలోనే ఉండదలచినవారికి రెండు దారులు. ఇంటెల్ కోర్ అల్ట్రా 200విలో ఎనిమిది కోర్లే ఉన్నా విద్యుత్తు పొదుపు ఎక్కువ. చదవడం, రాయడం ప్రధానమైనవారికి అది అనువైనది. కాని మెమరీ చిప్‌తోనే కలిసి ఉంటుంది: 16 జీబీ లేదా 32 జీబీ, తరువాత పెంచడం కుదరదు. ఏఎండీ రైజెన్ ఏఐ 9 హెచ్‌ఎక్స్ 370కి 12 కోర్లున్నాయి. పుటలను కోర్లకు పంచిపెట్టే అక్షరగుర్తింపుకు ఇది బలమైనది. దీని శక్తిని యంత్రం తయారుచేసే సంస్థ 15 నుంచి 54 వాట్ల మధ్య ఎక్కడైనా నిర్ణయించవచ్చు. కాబట్టి ఒకే పేరున్న చిప్ ఒక యంత్రంలో గుర్రంలా, మరొకదానిలో ఎద్దులా నడుస్తుంది. చిప్ పేరుతో పాటు ఆ నమూనాలో దానికి ఎన్ని వాట్లు ఇచ్చారో కూడా అడగాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తరువాత నగరంలో రోజుల తరబడి విద్యుత్తు లేదు. అప్పటి నుంచి బ్యాటరీని విలాసంగా చూడడం మానేశాను. 55 వాట్-గంటల బ్యాటరీ ఉన్న యంత్రం సగటున 5 వాట్లు వాడితే 11 గంటలు నడుస్తుంది. 15 వాట్లు వాడితే నాలుగు గంటలైనా నిలవదు.

దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన యంత్రం ఏసీ గదిలో, ఏ పనీ లేకుండా చల్లగా ఉంటుంది. వీలైతే పెన్‌డ్రైవ్‌లో యాభై పుటల స్కాన్ దస్త్రాన్ని, టెసరాక్ట్‌నూ తీసుకువెళ్లి ఇరవై నిమిషాలు నడిపించమని అడగండి. మొదటి అయిదు పుటలకు పట్టిన సమయాన్నీ చివరి అయిదు పుటలకు పట్టిన సమయాన్నీ రాసుకోండి. ఏసీలోనే రెండింటికీ పెద్ద తేడా వస్తే, మే నెలలో ఆ యంత్రం మీ గదిలో ఎలా నడుస్తుందో ఊహించవచ్చు.